చెట్టెక్కిన చదువు

ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో మా తాతగారి మామిడిచెట్టు చివరికంటా ఎక్కి రెండు గంటలు అక్కడే ఉండిపోయాను. ఎక్కడం వచ్చినంత మాత్రాన దిగడం రాదని పైకి వెళ్ళాకే తెలిసింది. ఆకులు కుట్టి గూళ్ళు కట్టుకున్న ఎర్రచీమలకి నా రాక బొత్తిగా నచ్చలేదు. కొబ్బరి దింపు తీసే మనిషిని పిలిపించి నన్ను కూడా దింపించారు. కింద నాన్న కొబ్బరిమట్టతో సిద్ధంగా ఉన్నాడు. "చదువు అటకెక్కింది చాలకా నువ్వు చెట్టెక్కావు?"

అటువంటి పనికే ఇంకొకరికి డాక్టరేట్ ఇచ్చారని ఈ వయసులో తెలిస్తే కడుపు మండదూ? ఆ ఇంకొకరు నళినీ నాద్కర్ణి. తండ్రి మనదేశంవాడే. ఆవిడ మాత్రం అమెరికాలో, ఇంటిముందు మేపుల్ చెట్లెక్కుతూ పెరిగింది. పెద్దయ్యాక కూడా దిగలేదు. మహావృక్షాల పైకొమ్మల మీద నాచు పేరుకుని, కుళ్ళి, మట్టవుతుంది. చెట్టు తన కొమ్మల నుంచే ఆ మట్టిలోకి వేళ్ళు దించుకుని పోషకాలు లాక్కుంటుందని 1981లో లోకానికి చెప్పింది. కింద అంత నేల ఉండగా మేడమీద వేరు కాపురమన్నమాట! చెట్లెక్కే బార్బీని కూడా తయారుచేసింది, పాత బొమ్మలు కొని అడవి బట్టలు తొడిగి. నా బొమ్మ ఎవరైనా చేస్తే వీపు మీద మట్ట గుర్తులు మరిచిపోకూడదు.

ఇలా చెట్లెక్కే శాస్త్రవేత్తలు మనలా మోకాళ్ళు గీరుకుంటూ ఎక్కరు. విల్లుతో సన్నటి దారాన్ని పైకొమ్మ మీంచి అవతలికి కొడతారు. దారానికి పురికొస, పురికొసకి అసలు తాడు కట్టి లాగి, నడుముకి పట్టీలు బిగించుకుని ఎగబాకుతారు. అయినా 2015లో తాడు తెగి నళిని 50 అడుగుల పైనుంచి పడిపోయింది. కోలుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళింది. నేనైతే మంచం దిగడానికే ఆలోచించేవాణ్ణి.

అందుకే నా కులదైవం పురుగుల శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్. పనామాలో ఒకే జాతి చెట్లు 19 ఎంచుకుని, కొమ్మల్లోకి పురుగుమందు పొగ వదిలి, రాలినవన్నీ కింద పట్టాడు. పెంకుపురుగులే దగ్గర దగ్గర 1,200 రకాలు! ఆ లెక్కతోనే ఉష్ణమండలంలో కీటకాలూ, వాటి దాయాదులూ కలిపి 3 కోట్ల జాతులు ఉండొచ్చని 1982లో అన్నాడు. మా బామ్మ ఒక్క మెతుకు నొక్కి కుండ ఉడికిందనేది. ఈయన ఒక్క మెతుకు నొక్కి ఊళ్ళో పెళ్ళిభోజనాలన్నీ లెక్కకట్టేశాడు. తర్వాతివాళ్ళు ఆ అంకెను బాగా కుదించారనుకోండి, ధైర్యం మాత్రం ధైర్యమే.

మొన్న ఊరెళ్ళినప్పుడు నాకూ ఆవేశం వచ్చింది. అదే మామిడిచెట్టు కింద మా ఆవిడ కొత్త దుప్పటి పరిచి, దోటితో కొమ్మ పట్టుకుని ఊపాను. దుప్పటి మీద ఒక్కటి పడలేదు, అంతా నా చొక్కాలోకే రాలింది. జాతులు లెక్కపెట్టే పని లేకపోయింది. ఒకటే జాతి, పాత పరిచయమే.