రూ. 499 కరపత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం:
"నెలకు రూ. 499* మాత్రమే! 100 ఎంబీపీఎస్ వరకు అన్‌లిమిటెడ్ ఇంటర్నెట్! ప్రపంచంలోనే అత్యంత చవక! త్వరపడండి!"

అవతారిక:
దినపత్రిక మడతలో పెట్టి ఆదోనిలో ఇంటింటికీ పంచిన పసుపు కాగితం ఈ వాక్యానికి ఆకరం. కర్త పేరు చెప్పను. పేరు చెప్పకపోవడం మన ప్రాచీన సంప్రదాయం, పైగా ఇలాంటి కర్తలు ఎమ్మిగనూరులోనూ ఉన్నారు, ఏ ఊళ్లో అయినా ఉన్నారు. ఇంత చిన్న వాక్యానికి వ్యాఖ్య దేనికని అడిగేవారికి చెప్పవలసింది ఒక్కటే. టెక్సస్‌లో ఉన్న మా బావమరిది ఈ కాగితం ఫొటో కుటుంబ వాట్సాప్ గ్రూపులో చూసి, "బావా, మీరు అదృష్టవంతులు, ఇక్కడ మేం ఎనభై డాలర్లు కడతాం" అని రాశాడు. దాని కింద పద్నాలుగు చేతులు దండం పెట్టాయి. అదృష్టం అనే మాట వాడిన తర్వాత వ్యాఖ్యాత ఊరకుండడం శాస్త్రసమ్మతం కాదు.

వ్యాఖ్యానానికి అయిదు లక్షణాలు: పదాలు విడదీయడం, అర్థం చెప్పడం, సమాసాలకు విగ్రహం చెప్పడం, వాక్యాన్ని అన్వయించడం, ఆక్షేపణలకు సమాధానం ఇవ్వడం. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. మెదకు సీమవాడు, నిగ్రహం గల మనిషి. ఈ వ్యాఖ్యాత మొదటి ప్రతిజ్ఞ మాత్రం పాటించగలడు.

టీక:

నెలకు: స్పష్టము.

రూ. 499*: అంకె తేలిక, అంకె నెత్తిన ఉన్న చుక్క కష్టం. అశ్విని మొదలు రేవతి దాకా వెతికినా ఇరవై ఏడు నక్షత్రాలలో ఇది కనబడదు. ఫలం మాత్రం తప్పదు: 18 శాతం జీఎస్టీ కలిస్తే 588 రూపాయల 82 పైసలు. "మాత్రమే" అనే అవధారణం 499ని అంటిపెట్టుకొని ఉంది, 588ని కాదు. కనుక కర్తకు అసత్యదోషం అంటదు. చుక్క వెంట కాగితం అడుక్కి దిగితే ఆర్నెల్ల సొమ్ము ముందే కడితేనే ఈ ధర అని ఉంది. దాని కింద ఇంకా సన్నని అక్షరాల్లో ఆ షరతు కూడా మారవచ్చునని ఉంది.

మూలం, మూలం మీద చుక్క, చుక్కకు షరతు, షరతుకు ఉపషరతు. ఈ దొంతర చూసి నవ్వేవారికి మన సీమ సంగతి తెలియదు. బాదరాయణుడు బ్రహ్మసూత్రాలు చెప్పాడు. వాటి మీద మధ్వాచార్యులు అనువ్యాఖ్యానం రాశారు. దాని మీద జయతీర్థులు న్యాయసుధ రాశారు. న్యాయసుధ మీద పరిమళం రాసినవారు రాఘవేంద్రతీర్థులు, అంటే అది నాలుగో అంతస్తు. ఆ నాలుగో అంతస్తు కట్టిన స్వామి 1671లో బృందావన ప్రవేశం చేసింది మంచాల గ్రామంలో. అదే నేటి మంత్రాలయం, ఎమ్మిగనూరు దాటితే ఎంతో దూరం లేదు. లోకం ఆయన మహిమలను తలుచుకుంటుంది గానీ, పండితులు ఆయన్ను టిప్పణాచార్యులుగా తలుచుకుంటారు. అంతమంది భక్తులు మొక్కే టిప్పణకారుడు నాకు తెలిసి మరొకరు లేరు. వ్యాఖ్యాతలకు గుడి కట్టిన జిల్లా మనది.

ఆ ఊరు స్వామికి దక్కిన కథ కూడా ఆదోని కథే. అప్పటికి ఆదోని బీజాపూరు సుల్తానుల ఏలుబడిలో ఉంది, కోటలో నవాబు సిద్ది మసూద్ ఖాన్. మన షాహీ జామియా మసీదు కట్టించింది ఆయనే. ఐతిహ్యం ప్రకారం ఆయన స్వామిని పరీక్షించాలని గుడ్డ కప్పిన పళ్లెంలో మాంసం పంపితే, గుడ్డ తీసేసరికి పళ్లూ పూలూ ఉన్నాయి. నవాబు తగ్గి, ఏ ఊరు కావాలో కోరుకొమ్మన్నాడు. స్వామి పచ్చని మాగాణి ఊళ్లన్నీ వదిలి తుంగభద్ర ఒడ్డున బీడుబడ్డ మంచాల చాలన్నారు. అక్కడ ప్రహ్లాదుడు యజ్ఞం చేశాడన్నది స్వామి చెప్పిన కారణం. నాకు ఈ కథలో పళ్లెం కంటే ఈ ఎంపిక ఎక్కువ ఇష్టం. ఇచ్చేవాడు ఏదైనా అడగమన్నాడు, షరతు పెట్టలేదు. అడిగినవాడు తక్కువే అడిగాడు.

ఎక్కడున్నాం? చుక్క దగ్గర. ఆ నాలుగంతస్తులలో ప్రతి అంతస్తూ కింది అంతస్తు అర్థం కావడానికి కట్టినది. మూలంలో ముడి ఉంటే విప్పుతుంది, క్లుప్తంగా ఉంటే సాగదీస్తుంది, పొసగనట్టు కనిపిస్తే పొసగిస్తుంది. కరపత్రంలోని చుక్క మాత్రం పైన పెద్ద అక్షరాల్లో అర్థమైపోయిన దాన్ని మళ్లీ అర్థం కాకుండా చేయడానికి పుట్టింది. వ్యాఖ్యాన చరిత్రలో ఇదొక కొత్త ప్రస్థానం.

100 ఎంబీపీఎస్: ఇంగ్లీషులో చిన్న బీ అయితే బిట్టు, పెద్ద బీ అయితే బైటు. ఎనిమిది బిట్లు ఒక బైటు. తెలుగు లిపిలో చిన్నా పెద్దా లేవు గనుక ఈ కాగితం తెలుగులో అచ్చు వేయడం కర్తకు కలిసివచ్చింది. సినిమా ఫైలు బైట్లలో ఉంటుంది, వేగం బిట్లలో అమ్ముతారు. 100ని 8తో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. ఇది దోషం కాదు, లోకమంతా ఇలాగే అమ్ముతుంది. కాకపోతే పదిమందిలో తొమ్మిదిమందికి ఎవరూ చెప్పరు.

వరకు: కరపత్రానికి ప్రాణం ఈ పదంలో ఉంది. సంస్కృతంలో ఆఙ్ అనే దానికి పాణిని రెండర్థాలు చెప్పాడు, మర్యాద అనీ అభివిధి అనీ. హద్దును బయట ఉంచి చెబితే మర్యాద, హద్దును కలుపుకొని చెబితే అభివిధి. ఎమ్మిగనూరు వరకు వాన పడింది అంటే ఎమ్మిగనూరు తడిసిందా లేదా అన్న సందేహం ఈనాటిది కాదన్నమాట. మన "వరకు" అమ్మేవేళ అభివిధి, ఫిర్యాదు వేళ మర్యాద.

ఎందుకలా? మన వీధిలోకి వచ్చే గాజు పోగు మామూలుగా సెకనుకు రెండున్నర గిగాబిట్లు మోస్తుంది. దాన్ని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకు, ఒక్కోచోట 64 ఇళ్లకు చీలుస్తారు. 64 ఇళ్లూ ఒకేసారి లాగితే ఇంటికి 39 ఎంబీపీఎస్ దక్కుతుంది. అందరూ ఒకేసారి లాగరు గదా అని కర్త ఆశ. పగటిపూట ఆ ఆశ నిజమే. రాత్రి క్రికెట్ మ్యాచ్ ఉన్నప్పుడు అందరూ ఒకేసారే లాగుతారు. అప్పుడు ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ పెట్టి చూడమంటారు. ఆ టెస్టు దగ్గరలోని సర్వర్‌ను పట్టుకొని కొలుస్తుంది, తరచుగా అది ఆపరేటర్ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. 94 చూపిస్తుంది. సినిమా మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. తక్కెడ దుకాణదారుడి ఇంట్లోనే పెట్టుకొని, తూకం సరిగ్గానే వచ్చిందనడం ఇది.

అన్‌లిమిటెడ్: హద్దు లేనిది. హద్దు 3300 జీబీ. అది దాటితే వేగం తగ్గిస్తారు. వైరుధ్యం లేదా అంటే లేదు: హద్దు వేగానికే గాని వాడకానికి కాదని కర్త అభిప్రాయం. ఎంతకు తగ్గించవచ్చు? కనీసం 512 కేబీపీఎస్ ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఆదేశించింది. ఇక్కడ బ్రాడ్‌బ్యాండ్ అనే పదానికి మన ప్రభుత్వం ఇచ్చిన నిర్వచనాలు చూడదగ్గవి. 2004లో 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్. 2013లో 512. 2023లో 2 ఎంబీపీఎస్. అమెరికాలో 2015 నుంచి 25 ఉంటేనే ఆ పేరు పెట్టారు, 2024లో దాన్ని 100 చేశారు. ఆదోనిలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకున్నది టెక్సస్‌కు పోతే యాభయ్యో వంతు. మా బావమరిది ఎనభై డాలర్లను మన అయిదు వందలతో పోల్చినప్పుడు ఈ సంగతి మరిచాడు.

ప్రపంచంలోనే అత్యంత చవక: ఇది అతిశయోక్తి అలంకారమా, అసత్యమా?

పూర్వపక్షం: స్విట్జర్లాండ్‌లో ఇనిట్7 అనే సంస్థ సెకనుకు 25 గిగాబిట్ల లైన్‌ను ఏడాదికి 777 ఫ్రాంకులకు ఇస్తోంది. వేగాన్ని బట్టి ధర లెక్కిస్తే మన కరపత్రం దాని దరిదాపుల్లో లేదు. రొమేనియాలో పది యూరోలకు అటూ ఇటూగా ఒక గిగాబిట్ దొరుకుతుంది, అంటే మన కాగితం మీది వేగానికి పదింతలు. మరి చవక ఎలా?

ఉత్తరపక్షం కర్త చెప్పడు గాని నేను చెబుతాను: రూపాయల్లో చవక, డాలర్లలో చవక. నెలకు ఏడు డాలర్లకు కొంచెం అటూ ఇటూ. లోకంలో ఇంత తక్కువ అంకెకు నెట్ ఇచ్చే దేశాలు ఎక్కువ లేవు.

సిద్ధాంతం: అంకె తక్కువైతే చవక కాదు. ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ ఒక కొలత పెట్టింది. 2025 నాటికి ఆరంభస్థాయి ఇంటర్నెట్ ధర తలసరి నెల ఆదాయంలో 2 శాతం మించకూడదు. మన దేశంలో తలసరి ఆదాయం ఏడాదికి సుమారు రెండున్నర వేల డాలర్లు, నెలకు రెండు వందల పైచిలుకు. అందులో ఏడు డాలర్లంటే మూడు శాతం దాటింది. అమెరికాలో తలసరి ఆదాయం ఏడాదికి సుమారు ఎనభై వేలు. అందులో నెలకు ఎనభై డాలర్లంటే ఒకటింబావు శాతం లోపే. అదృష్టవంతుడెవరో వాట్సాప్ గ్రూపు నిర్ణయించాలి. ఒక కనెక్షన్‌ను ఇల్లంతా వాడుకుంటుంది గదా అంటే, టెక్సస్‌లోనూ ఇల్లంతానే వాడుకుంటుంది.

అదైనా దేశం సగటు. కర్నూలు పడమటి మండలాలు ఆ సగటులో ఎక్కడుంటాయో కోసిగి బస్టాండులో పత్తి, మిరప పనుల కాలంలో నిలబడితే తెలుస్తుంది. మూటలు, బిందెలు, పిల్లలతో సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్లు గుంటూరు వైపు బండ్లెక్కుతుంటారు. ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. 588 అంటే దాదాపు రెండు రోజుల కూలి. ఆ ఇంట్లో కాలేజీ పిల్లవాడి కోసం లైన్ వేయించుకుంటే, ఆర్నెల్ల సొమ్ము ముందే కట్టాలి. ఇల్లు తాళం వేసి నెలల తరబడి సుగ్గికి పోయినప్పుడు ప్లాన్ ఆపమంటే ఆపరు. ఖాళీ ఇంట్లో రూటర్ దీపం వెలుగుతుంది, రోజులు కరిగిపోతాయి. "నెలకు" దగ్గర స్పష్టము అని రాసింది అందుకే. అక్కడ ఆగితే ఇంత చెప్పవలసి వచ్చేది.

రొమేనియా సంగతి ఇంకా మిగిలింది. అక్కడ అంత చవక కావడానికి కారణం 1990లు, 2000లలో పేటల కుర్రాళ్లు టెలిఫోన్ సంస్థ కోసం కూర్చోకుండా ఒక మేడ నుంచి ఇంకో మేడకు తామే తీగలు లాక్కోవడం. ఒకే పేటలో అలాంటి జట్లు ఎన్నో పోటీ పడ్డాయి. తర్వాత పెద్ద సంస్థలు వాటిని కొన్నాయి, చవక మాత్రం నిలిచింది. ఆదోనిలోనూ కేబుల్ టీవీ వచ్చినప్పుడు మన కుర్రాళ్లు మిద్దెల మీదుగా అలాగే తీగలు లాగారు. తేడా ఒక్కటే: ఇక్కడ ఈ వీధి ఫలానావాళ్లది, ఆ వీధి ఫలానావాళ్లది. 1800లో ఈ సీమ కుంఫిణీకి దత్తమయ్యాక మన్రో దొర పాళెగాళ్లను అణచాడని చదువుకున్నాం. కేబుల్ పాళెగాళ్ల వరకు ఆయన రాలేదు. ఇంకో కంపెనీవాణ్ణి పిలిస్తే "ఆ వీధిలో మాకు లైన్ లేదు సార్" అంటాడు. లైన్ ఎందుకు లేదో ఇద్దరికీ తెలుసు. సహకారం మనకు తెలియని విద్య కూడా కాదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. దళారి చేతిలో ఉన్న నూలునూ ధరనూ నేతగాళ్లు తమ చేతికి తెచ్చుకున్న ఊరు అది. గాజు పోగు దగ్గరికి వచ్చేసరికి ఆ ఊళ్లోనూ ఎవరి వీధి వారిదే అయింది.

ప్రభుత్వం ప్రయత్నించలేదా? ప్రయత్నించింది. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్ మూడూ. నెట్ 15 ఎంబీపీఎస్, అయిదు జీబీ దాటితే ఒక ఎంబీపీఎస్. భూమి తవ్వకుండా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఖర్చు తగ్గించిన తెలివైన పని, అందులో సందేహం లేదు. తర్వాత ధర పెరిగింది. స్తంభాల మీద తీగ ఎవరిదైనా ఒక నియమం తప్పదు. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డుకు ఎత్తుగా నింపుకొచ్చిన లారీ వేలాడే తీగను తగిలించుకుని పోతుంది. రూటర్ మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఆదోనిలో పత్తి ధర పెరిగిందో తగ్గిందో యార్డుకు పోకుండానే మా వీధి ఎర్ర దీపాలు లెక్కపెట్టి చెప్పవచ్చు.

త్వరపడండి: లోట్, మధ్యమ పురుష, బహువచనం. గౌరవార్థకమని కొందరు, అందరినీ కలిపి హడలెత్తించడమని కొందరు. ఈ క్రియ విషయంలో ట్రాయ్ నియమం ఒకటి ఉంది. లైన్ చెడి మూడు రోజులు దాటినా బాగుచేయకపోతే నెల అద్దెలో తగ్గింపు ఇవ్వాలి. ఆ తగ్గింపు అందుకున్న మనిషిని చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. మొన్నటి ఎర్ర దీపానికి ఫోన్ చేస్తే లైన్‌మన్ కుర్రాడు "దావలోనే ఉండా సార్, వస్తాండా" అన్నాడు, అక్షరం పొల్లుపోకుండా రోజూ అదే అన్నాడు. కుర్రాణ్ణి అనవలసింది లేదు, నాలుగు పేటలకు వాడొక్కడే. కనుక "త్వరపడండి" అనే క్రియకు కర్త చందాదారుడే. ఆపరేటర్‌తో అన్వయం పొసగదు.