బంతికి వాస్తు

స్థలం కొన్నాక బోరు ఈశాన్యంలో వేయాలా వద్దా అని సిద్ధాంతిగారి చుట్టూ తిరిగిన మనిషి, అమెరికా వెళ్లాక ఆ బెంగ వదులుకుంటాడనుకోవడం మన అమాయకత్వం. అక్కడ బౌలింగ్ బంతి ఉంది. ఫ్యాక్టరీ నుంచి నున్నగా, చిల్లు లేకుండా వస్తుంది. వేళ్లు దూరడానికి చిల్లులు మనమే తొలిపించుకోవాలి. అవి బంతి మీద ఏ మూల పడాలో తేల్చేదే లేఅవుట్ శాస్త్రం. డాలస్‌లో ఆఫీసు లీగు ఆడే మనవాడూ, ఒహాయోలో తాతల కాలం నుంచి ఆడుతున్న తెల్లాయనా ఈ శాస్త్రం దగ్గర ఒక్కటే. వాస్తుకు కులమతాలు లేనట్టే దీనికీ లేవు.

శాస్త్రం మొత్తం బూటకమని నేననను. బంతి లోపల కోర్ అనే బరువైన దిమ్మ ఉంటుంది. దాని నెత్తి ఎటుందో తెలియడానికి పైన ఒక రంగు చుక్క పెడతారు. మీ చేతి నుంచి బంతి వెళ్లేటప్పుడు అది తిరిగే ఇరుసు పైకి తేలే చోటు ఇంకొకటి ఉంటుంది, దాన్ని పీఏపీ అంటారు. ఈ రెంటికీ మధ్య దూరాన్ని బట్టి బంతి తిరిగిన ప్రతిసారీ కొత్త పొడి భాగం నేలను తాకుతుంది. ఆ దూరం మూడుంపావు, మూడున్నర అంగుళాల మధ్య ఉన్నప్పుడు ఆ గుణం బాగా హెచ్చుతుంది. మో పినెల్ అనే దిట్ట దీనికి రెండు కోణాలు జోడించి, మూడు అంకెల పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. 2021లో కన్నుమూసిన ఆయన కోర్‌ల రూపకల్పనలో నిజంగానే ఘనుడు. ఆయనతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ మూడు అంకెల్నీ తన జన్మ నక్షత్రంలా చెప్పుకు తిరిగే వాడితో.

బంతులు తొలిచే ప్రో షాపులో మొదటి ప్రశ్న, "మీ శైలి ఏమిటి సార్?" మెల్లగా నేర్పుగా వేసేవాడు స్ట్రోకర్, బంతిని గిర్రున తిప్పి విసిరేవాడు క్రాంకర్, మధ్యవాడు ట్వీనర్. నేనింతవరకూ తనను తాను స్ట్రోకర్ అని ఒప్పుకున్న మగవాణ్ణి చూడలేదు. అందరూ క్రాంకర్లే. నిమిషానికి నాలుగు వందల చుట్లు తిప్పుతానంటాడు. సెల్ ఫోన్లో వీడియో తీసి లెక్కపెడితే అందులో సగం. అయినా ఆ సగాన్ని నమ్మడు, కెమెరా మీద నెపం వేస్తాడు. మన మద్దెలకు అక్కడ కూడా ఉద్యోగం దొరికింది.

ఇక అసలు సంగతి. లేఅవుట్ కొలతలన్నీ ఆ పీఏపీ నుంచే మొదలవుతాయి. ఆ చోటు కదలకుండా నిలవాలంటే మనిషి ప్రతిసారీ బంతిని ఒకేలా వదలాలి. నూట ముప్పై సగటు ఉన్న మన క్రాంకర్ ఒకసారి మణికట్టు వంచుతాడు, ఒకసారి మరిచిపోతాడు. మూడోసారి పక్క లేన్‌లో ఎవరో అరిస్తే బొటనవేలు చిల్లులో ఇరుక్కుంటుంది. బంతి బంతికీ ఇరుసు జరుగుతూనే ఉంటుంది. అలా జరిగే చోటు నుంచి పావంగుళం తేడా రాకుండా కొలిచి, అరవై డిగ్రీలా యాభయ్యా అని అరగంట తర్జనభర్జన! పునాది రోజూ నడిచి వెళ్లే ఇంటికి ద్వారబంధం ఎటు పెట్టాలన్న చర్చ అది. బంతి గట్టర్‌లో పడ్డాక యాభై అయినా అరవై అయినా చప్పుడు ఒకటే.

రికార్డు స్థాయిలో పదిహేను మేజర్ టైటిళ్లు గెలిచిన జేసన్ బెల్మాంటే రెండు చేతులతో వేస్తాడు, బొటనవేలు పెట్టడు. ఆయన లేఅవుట్ గురించి పట్టించుకుంటే అర్థం ఉంది. వందసార్లు వేసినా దాదాపు ఒకేలా వేయగలడు కనుక.

ఈ శాస్త్రంలో ఒక అధ్యాయం ఇప్పటికే చిరిగిపోయింది కూడా. వేళ్లు పెట్టని అదనపు చిల్లు ఒకటుండేది, బ్యాలెన్స్ హోల్. అది ఏ చోట, ఎంత లోతు ఉంటే బంతి ఎలా విరుచుకుపడుతుందో గంటల కొద్దీ చెప్పేవారు. 2020 ఆగస్టు 1 నుంచి యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ దాన్ని నిషేధించింది. చిల్లులు పూడ్చుకున్నారు. మూడు వందల స్కోరు పర్‌ఫెక్ట్ గేములు మాత్రం ఆగలేదు, ఎప్పటిలాగే పడుతున్నాయి.

అదే కాంగ్రెస్ బంతి నడకను శోధిస్తే ముందు వరుసలో నిలిచినవి పైపొర గుణాలు: ఎంత గరుకు, నూనెను ఎంత పీలుస్తుంది అన్నవి. లేన్ పొడవు అరవై అడుగులు. మామూలు సెంటర్లలో అందులో సుమారు నలభై అడుగుల దాకా నూనె పూస్తారు, మధ్యలో మందంగా, అంచుల్లో పలుచగా. రెండు గేములు అయ్యేసరికి ఆ నూనె అటూ ఇటూ చెదిరిపోతుంది. అప్పుడు పనికొచ్చేది లేన్ పలకలు నాలుగింటి మేర పక్కకు జరిగి నిలబడటం, లేదా ఇది ఊహించి ఆట మొదలయ్యే ముందే బంతిని గరుకు ప్యాడ్‌తో రుద్దుకోవడం. ఆ ప్యాడ్ కొన్ని డాలర్లే ఉంటుంది. అంత చవకైనదాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు, అందుకే అది సంచీ అడుగున పడి ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. పది ఫ్రేముల్లోనూ మొదటి బంతికి తొమ్మిదే పడ్డాయి, రెండో బంతికి మిగిలిన ఒక్కటీ పడింది. చివరి అదనపు బంతికీ తొమ్మిదే. స్ట్రైక్ ఒక్కటీ లేదు. స్కోరు 190. లేఅవుట్ మార్చమని షాపు చుట్టూ తిరిగే పెద్దమనిషి సగటుకు ఇది అరవై ఎక్కువ. ఆయన మూడో ఖరీదైన బంతి కొని, కొత్త కోణాలతో తొలిపించి, మూలనున్న పదో పిన్నును మాత్రం ప్రతి ఫ్రేములోనూ నమస్కారం పెట్టి వదిలేస్తాడు.

కాబట్టి అయ్యా, ఈసారి షాపుకు వెళ్తే వేళ్ల కొలతలు మాత్రం శ్రద్ధగా తీయించుకోండి. చెయ్యి నొప్పి పుట్టకుండా, బొటనవేలు ఇరుక్కోకుండా తొలిపించుకోండి. కోణాలు ఆ తొలిచేవాడికి తోచినట్టు పెట్టనివ్వండి. మిగిలిన డబ్బుతో వంకర తిరగని ప్లాస్టిక్ బంతి ఒకటి కొని, వారానికి ఒక గంట ఆ పదో పిన్నును ఒక్కదాన్నే కొట్టండి.