పార్ట్ టూలో లేని యుద్ధం

అమీర్‌పేటలో దొరకని చదువు లేదు. మైత్రీవనం ముందు ఊరికే నిలబడితే చాలు, చేతిలో అరడజను కరపత్రాలు పడతాయి. జావా, డెవాప్స్, డేటా సైన్స్, ఈమధ్య ఏఐ. ఇది బోర్డు మీది సరుకు. బోర్డు మీద రాయని సరుకు ఇంకోటుంది, అది మెట్ల దగ్గర చెవిలో చెబుతారు: “ఎక్స్‌పీరియన్స్ కూడా పెడ్తం అన్నా.” నిన్న ఊరి బస్సు దిగిన కుర్రాడు వారం తిరక్కుండా మూడేళ్ల అనుభవశాలి అయిపోతాడు. ఆ మూడేళ్లూ వాడు పనిచేసిన కంపెనీకి లెటర్‌హెడ్ ఉంటుంది. నెలనెలా జీతం చీటీ ఉంటుంది. ఫోన్ చేసి వాకబు చేస్తే “అవునండీ, బుద్ధిమంతుడు” అని చెప్పే హెచ్ఆర్ కూడా ఉంటాడు. లేనిదల్లా వాడు చేసిన పని ఒక్కటే. పోలీసులు అప్పుడప్పుడు ఇలాంటి ముఠాలను పట్టుకుని, రబ్బరు స్టాంపులు బల్ల మీద పేర్చి ఫొటో తీయిస్తారు. మేం పేపర్లో వేస్తాం. మర్నాడు ఆ మెట్ల మీద మళ్లీ మామూలే.

అదే మైత్రీవనం నుంచి బల్కంపేట వైపు నడిస్తే, ఓ పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఒక సుబేదారు గారుంటారు. ఆయన కేసు దీనికి సరిగ్గా తలకిందులు. పని చేశారు. కాగితం లేదు.

సొంతూరు తాడేపల్లిగూడెం దగ్గర. ఇంటికొకరిని సైన్యానికి పంపుతుందని పేరుపడ్డ మిలటరీ మాధవరానికి కూతవేటు దూరం. 1970లో భర్తీ అయ్యారు. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలయ్యే నాటికి పంతొమ్మిదేళ్ల సిపాయి, తూర్పు సరిహద్దులో ఉన్నారు. 16న ఢాకాలో జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టేసరికి, ఈయన ఎడమ పిక్కలో ఇనప ముక్కతో ఫీల్డ్ ఆస్పత్రిలో పడుకుని ఉన్నారు. ఆ ముక్క ఇప్పటికీ లోపలే ఉంది. చలికాలంలో సలుపుతుంది. ఎయిర్‌పోర్టుకు వెళితే తనిఖీ యంత్రం దాన్ని పసిగట్టి కుయ్యిమంటుంది. యంత్రానికి తెలిసిన సంగతి రికార్డుకు తెలియదు.

ఆ యుద్ధానికి సర్కారు తూర్పున ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్, పడమట ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్, అప్పుడు సేవలో ఉన్నవాళ్లకు సంగ్రామ్ మెడల్ ఇచ్చింది. సుబేదారు గారి డిశ్చార్జి పుస్తకం తెరిచి చూశాను. అట్ట ఊడి, టేపుతో అతికించి ఉంది. పతకాల పేజీలో సంగ్రామ్ మెడల్ ఉంది. 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం ఉంది. తొమ్మిదేళ్ల సర్వీసుదీ, ఇరవై ఏళ్ల సర్వీసుదీ ఉన్నాయి. పూర్వీ స్టార్ లేదు. పోనీ పశ్చిమీ ఉందా అంటే అదీ లేదు. అంటే యుద్ధం జరిగిన మాట నిజమే. ఈయన అప్పుడు సైన్యంలో ఉన్న మాటా నిజమే. ఎక్కడున్నారన్నదే తేలలేదు. రికార్డు ప్రకారం ఆ పద్నాలుగు రోజులూ ఏ నాగపూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదో టీ తాగుతూ గడిపి ఉండాలి.

“డిశ్చార్జి అయిన రోజే చూసుకోవాల్సింది కదండీ?” అన్నాను.

“ఆ రోజు రైలు టికెట్టు చూసుకున్నానోయ్,” అన్నారాయన. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఇంటికి పోతున్నవాడు అంతకంటే ఏం చూసుకుంటాడు?

2021లో ఆ యుద్ధానికి యాభై ఏళ్లు నిండాయి. విజయ జ్యోతి దేశమంతా తిరిగింది. తిరుపతిలో మహావీర్ చక్ర గ్రహీత మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారి ఇంటికీ వచ్చింది. ఆ వార్త టీవీలో చూస్తూ మనవడు అడిగాడట: “తాతయ్యా, నీ స్టార్ ఏదీ?” ఆ ప్రశ్నతో మొదలైంది సుబేదారు గారి రెండో యుద్ధం. మొదటిది పద్నాలుగు రోజుల్లో ముగిసింది. ఇది నాలుగేళ్లు దాటినా నడుస్తూనే ఉంది, శత్రువు ఎవరో ఇంకా కనబడలేదు.

ఇక్కడ పాఠకులకు పార్ట్ టూ ఆర్డరు గురించి చెప్పాలి. సైన్యంలో మనిషికి ఏం జరిగినా యూనిట్ అందులో ప్రచురించాలి. సెలవుపై వెళ్లినా, తిరిగొచ్చినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, గాయపడ్డా, పతకం వచ్చినా అంతే. దాన్ని బట్టి రికార్డ్స్ ఆఫీసులో ఫైలు నిండుతుంది. పార్ట్ టూ పడని పెళ్లాం పెళ్లాం కాదు, పార్ట్ టూ పడని బిడ్డ పుట్టలేదు. రేపు ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆ సంగతి తెలిసొస్తుంది. మన పురాణాల్లో చిత్రగుప్తుడు జరిగింది చూసి చిట్టా రాస్తాడు. ఇక్కడ చిట్టాలో రాశాకే జరిగినట్టు.

సుబేదారు గారు తూర్పున ఉన్నట్టు పార్ట్ టూ పడలేదో, పడి ఇంకొకరి ఖాతాకు పోయిందో ఎవరికీ తెలియదు. రెండోదే జరిగి ఉంటుందని ఆయన అనుమానం. ఆయన పేరు ఇక్కడ రాయను, అసలు గొడవే పేరుతో. మనకు ఇంటిపేరు ముందుంటుంది. ఉత్తరాది గుమాస్తా లెక్కలో చివర ఉన్నదే ఇంటిపేరు. ఆ లెక్కన గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన కుర్రాళ్లంతా ఒకే ఇంటివాళ్లు, శ్రీ రావుగారి సంతానం. వెంకటేశ్వర్లు అయితే మరీ అన్యాయం: పేరు వెంకటేశ్వర్, ఇంటిపేరు లూ. పేరు పోతేనేం, సిపాయికి నంబరు ఉంటుంది కదా అంటారా? ఉంది. ఒకచోట 3 బదులు 8 పడింది.

సాక్ష్యం లేదా? ఉంది. యుద్ధం రోజుల్లో తల్లికి రాసిన ఇన్లాండ్ కవరు, మడతల దగ్గర చిరిగి, పసుపు మరకతో. వెనక చిరునామాలో ఊరు లేదు, 99 ఏపీవో అని మాత్రం ఉంది. సైన్యం తపాలాలో 56 అంటే ఉత్తరం, పడమర. 99 అంటే తూర్పు. సిపాయి ఎక్కడున్నాడో శత్రువుకు తెలియకూడదని పెట్టిన చిరునామా అది. అంత గట్టిగా దాచారు, చివరికి మన గుమాస్తాకీ తెలియలేదు. జిరాక్స్ తీసి పంపితే, ‘వ్యక్తిగత ఉత్తరం అధికారిక పత్రం కాదు’ అని జవాబు.

తర్వాత సమాచార హక్కు చట్టం. పది రూపాయల పోస్టల్ ఆర్డరు, ముప్పై రోజుల గడువు. ఇరవై తొమ్మిదో రోజున కవరు వచ్చింది. ఆ క్రమశిక్షణకు సుబేదారు గారు కూర్చున్నచోటే సెల్యూట్ కొట్టారు. లోపల రెండు వాక్యాలు. మీరు కోరిన పార్ట్ టూ ఆర్డరు ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు. దాని ప్రతి మీ వద్ద ఉన్నచో జతచేసి దరఖాస్తు చేసుకోగలరు. పోయిన తాళంచెవి తెస్తే, బీరువా తీసి తాళంచెవి వెతికిపెడతామన్నట్టు.

యూనిట్‌కు రాస్తే రికార్డ్స్‌ను అడగమంటారు. రికార్డ్స్‌కు రాస్తే యూనిట్‌ను అడగమంటారు. అమీర్‌పేట మెట్రోలో ఎర్ర లైను దిగి నీలం లైను ఎక్కినట్టు ఆయన ఉత్తరాలు ఇటు ఎక్కి అటు దిగుతున్నాయి. మెట్రోలో కనీసం ఎస్కలేటర్ ఉంది. సోమాజిగూడలో సైనిక్ ఆరామ్‌ఘర్‌కూ వెళ్లారు. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కాగితం ముందుకు పంపారు. కాగితాన్ని ముందుకు పంపడం వాళ్ల చేతిలో పని, యుద్ధాన్ని వెనక్కి తేవడం ఎవరి చేతిలోనూ లేదు. తిరిగొస్తూ పంజాగుట్ట పోలీస్ స్టేషన్ ముందు ఆగారట. 2017కు దేశంలోనే రెండో ఉత్తమ స్టేషన్‌గా దానికి గుర్తింపు వచ్చింది. “బిల్డింగుకి కూడా వచ్చిందోయ్,” అన్నారు నాతో. అందులో అసూయ లేదు, ఆశ్చర్యమే.

సైన్యం కాగితం పొరబడటం ఇదే మొదలా? 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద ఒంటినిండా తూటాలు దిగిన గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్రను ‘మరణానంతరం’ అని ప్రకటించారు. ఆయన ఆస్పత్రిలో మందులు మింగుతున్నారు. అదే పేరుగల ఇంకో జవాను అమరుడయ్యాడు, అదీ తికమక. అదే కార్గిల్‌లో బతాలిక్ వైపు పోరు నడిపిన బ్రిగేడియర్ దేవీందర్ సింగ్ తన పనితీరును నివేదికల్లో వక్రీకరించారని కొట్లాడితే, రికార్డు సరిదిద్దమని సాయుధ దళాల ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసరికి 2010 అయింది. బ్రిగేడియర్‌కు పదకొండేళ్లు. ఆ లెక్కన సిపాయికి ఎన్నేళ్లో త్రైరాశికం వచ్చినవాళ్లు వేసి చెప్పండి. మనవాళ్ల కేసులు వినే ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. రైల్లో వృద్ధుల రాయితీ 2020లోనే ఎత్తేశారు.

అమెరికాలో 1973 జూలై 12న సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం తగలబడి 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. అక్కడివాళ్లు జీతాల లెక్కలు, ఆస్పత్రి రిజిస్టర్లు ఏరుకొచ్చి ఫైళ్లు మళ్లీ కడుతూనే ఉన్నారు. తప్పులు దిద్దడానికి ప్రత్యేకంగా బోర్డులున్నాయి, వాటికో ఫారం ఉంది. మన దగ్గర నిప్పంటుకోలేదు, అదే వచ్చిన చిక్కు. కాలిపోయిందంటే జాలైనా పడతారు. భద్రంగా ఉన్న ఫైల్లో లేని కాగితం మీద జాలి ఎవరికి? అన్నట్టు, మన దగ్గర పెన్షన్ లేకుండా వెళ్లిన సిపాయి కాగితాలను 25 ఏళ్లకు నిబంధన ప్రకారం ధ్వంసం చేస్తారు. అగ్నిప్రమాదం కంటే నిబంధన నయం, సైరన్ మోగదు.

“పతకమే కదా, తిరుమలగిరి లాల్ బజార్లో మిలటరీ సామాను కొట్లున్నాయి, రెండు బిర్యానీల ఖరీదుకు రిబ్బనుతో సహా ఇస్తారు,” అని సలహా ఇచ్చాను. సర్కారు పతకాలు సమయానికి అందక, ఢిల్లీ కంటోన్మెంట్ గోపీనాథ్ బజార్లో కొనుక్కుని యూనిఫాం మీద పెట్టుకున్న జవాన్ల కథలు మా పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. నిజమైన పతకాలకే ఆ గతి పడితే మొహమాటం దేనికి?

ఆయన సంగ్రామ్ మెడల్ తీసి నా అరచేతిలో పెట్టారు. “అంచు చూడు.” కళ్లజోడు సవరించుకుని చూశాను. అంచు చుట్టూ సన్నగా చెక్కిన నంబరు, హోదా, పేరు. “బజారు దానికి రిబ్బను ఉంటుంది. అంచు మీద నేనుండనోయ్.”

కాసేపాగి మళ్లీ ఆయనే అన్నారు: “ఏటా నవంబరులో బతికున్నానని రుజువు చేసుకుంటాను. ఎంత తేలికో, వేలిముద్ర వేస్తే అయిపోతుంది. అప్పుడు చావబోయానని రుజువు చెయ్యడమే కష్టంగా ఉంది.”

పోయిన వారం ఏడో దరఖాస్తు జిరాక్స్ తీయించడానికి ఇద్దరం మైత్రీవనం దాకా వెళ్లాం. జిరాక్స్ కొట్టు ముందు ఓ కుర్రాడు ఆయన చేతిలో కరపత్రం పెట్టి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“అంకుల్, మీ ఇంట్ల జాబ్ ట్రై చేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా? ఎక్స్‌పీరియన్స్ పెడ్తం. ఎన్నేండ్లు కావాలె?”

సుబేదారు గారు కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

“పద్నాలుగు రోజులు కావాలి బాబూ. 1971 డిసెంబరు 3 నుంచి 16 దాకా.”

కుర్రాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

“పద్నాలుగు రోజులంటే ఎవరు నమ్ముతరు అంకుల్? మినిమమ్ రెండేండ్లు పెట్టుకోండ్రి.”