ఎయిర్ పట్టింది

బండికి కార్తీక మాసం చలి తగిలిందన్నారు మొదట. తెనాలి పక్క పల్లెలో ఒక ఆసామి ట్రాక్టరు పొద్దున్నే సెల్ఫ్ కొడితే అందుకోవడం మానేసింది. గిరగిరా తిరిగీ తిరిగీ, ఇక లాభం లేదని అందరూ అనుకున్నాక దగ్గి, తుమ్మి, అప్పుడు లేస్తుంది. లడఖ్‌లో అయితే చలికి డీజిల్ చిక్కబడిందంటే నమ్మొచ్చు. కృష్ణా డెల్టాలో కార్తీకపు చలికి ముసలివాళ్లు కండువా కప్పుకుంటారు, అంతే.

తర్వాత అనుమానం బ్యాటరీ మీదికి పోయింది. కొత్తది కొన్నారు. సెల్ఫ్ మోటారు విప్పించి బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు మార్పించారు. ఫిల్టర్లు మార్చారు. జబ్బు కదల్లేదు.

"మైకో పంపు పోయి ఉంటుంది బావా, గుంటూరు పంపిద్దాం" అన్నాడు బావమరిది. వ్యాపారం చూసుకుంటానని వచ్చి, రెండేళ్లుగా బావగారింట్లో భోజనం చూసుకుంటున్న మనిషి. 1951లో బెంగళూరులో పెట్టిన మైకో 2008లోనే బాష్ అని పేరు మార్చుకుంది గానీ, మన పల్లెల్లో డీజిల్ పంపంటే ఇప్పటికీ మైకో పంపే. పంపును గుంటూరు మోసుకెళ్లి బెంచీ మీద పెట్టి పరీక్ష చేయించారు. పంపుకు ఏ లోపమూ లేదన్నారు. బిల్లు మాత్రం ఇచ్చారు.

అప్పుడు పిలిచారు తెనాలి మెకానిక్‌ను. ఆసామికి అతని షెడ్డులో ఏళ్ల తరబడి ఖాతా ఉంది. అయినా ఆఖరున పిలవడం మనవాళ్ల అలవాటు.

అతను పానా తీయలేదు. సెల్ఫ్ కొట్టమని, పొగగొట్టం దగ్గర నిలబడ్డాడు.

"ఇంజను చురుగ్గానే తిరుగుతోందిగా! బ్యాటరీ ఎందుకు కొన్నారు బాబాయ్? బ్యాటరీ పోతే నీరసంగా మూలుగుతుంది. ఇది తిరుగుతోంది, అందుకోవట్లేదు. రెండూ వేరు."

"మరేంటయ్యా?"

"పొగ చూడండి. తెల్లగా వస్తే డీజిల్ లోపలికి పోతోంది, మండట్లేదని లెక్క. ఇక్కడ పొగే లేదు. అంటే డీజిలే అందట్లేదు. దారిలో ఎయిర్ పట్టింది."

ఎయిర్ పట్టడమంటే చిన్న సంగతి కాదు. డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గుండదు. సిలిండరులో గాలిని 16, 18 వంతుల్లో ఒక వంతుకు నొక్కేసరికి 500 డిగ్రీలు దాటే వేడి పుడుతుంది. ఆ వేడికే నాజిల్ చల్లిన డీజిల్ అంటుకోవాలి. ఇలాంటి పాత బండ్లలో నాజిల్ తెరుచుకోవాలంటే 200 బార్‌కు అటూ ఇటూగా ఒత్తిడి కావాలి. డీజిల్ నొక్కితే నలగదు కాబట్టి పంపు తోపు నేరుగా నాజిల్‌కు చేరుతుంది. మధ్యలో గాలి బుడగ ఉందో, ఆ తోపంతా అదే మింగేస్తుంది. సెల్ఫ్ కొట్టగా కొట్టగా గాలి బయటికి పోయేదాకా నాజిల్ నోరు విప్పదు.

"రోజూ ఇంతేనా?" అన్నాడు మెకానిక్.

ఆసామి జవాబిచ్చేలోపు డ్రైవరు అందుకున్నాడు. "రోజూ కాదండీ. వారంలో రెండు మూడు పొద్దులే ఈ బాధ. మిగతా రోజులు ముట్టుకుంటే లేస్తది." ఇన్నాళ్లూ బండి నడిపే మనిషిని ఈ ముక్క అడిగినవాడే లేడు.

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. పైపు పగిలినా, జాయింటు వదులైనా రోగం రోజూ ఉండాలి. కొన్ని రాత్రులే గాలి దూరుతోందంటే, ఆ రాత్రుల్లో ఎవరో దారి తెరుస్తున్నారు. బానెట్ ఎత్తి, ట్యాంకు నుంచి దిగే పైపు వెంట టార్చి వేసుకుంటూ వెళ్లాడు. అన్నిటి మీదా వేళ్ల మందాన దుమ్ము. ఫీడ్ పంపు దగ్గరి బాంజో బోల్టు ఒక్కటీ తళతళలాడుతోంది, అంచులు పానా కొరికి. చుట్టూ డీజిల్ చెమ్మ.

"ట్యాంకు మూతకు ఈ తాళం ఎప్పుడు వేశారు?"

"దసరాకి. డీజిల్ తరిగిపోతోందని. తాళంచెవి నా మొలతాడునే ఉంటుంది" అన్నాడు ఆసామి గర్వంగా.

"బండికి రోగం మొదలైందీ అప్పుడేగా. పైన తాళం పడేసరికి కింద పైపు విప్పుతున్నారు. డబ్బా నింపుకుని బోల్టు బిగిస్తున్నారు. లోపల చేరిన గాలి తీయడం మాత్రం తెలియదు."

బావమరిదే ముందు లేచాడు. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా బావా! పానాలు ఎవరి దగ్గరుంటాయి?"

"నేనే దొంగనైతే, రోజూ కాదని నా నోటితో నేనెందుకు చెబుతానండీ?" అన్నాడు డ్రైవరు.

ఆ మాటకు జవాబు లేదు. అయినా బ్యాటరీ డబ్బులు, సెల్ఫ్ డబ్బులు, గుంటూరు బిల్లు జీతంలో కోసుకుని ఆ పూటే పంపించేశారు. మెకానిక్ బోల్టు దాకా చెప్పి ఆగిపోయాడు, మనిషి జోలికి పోలేదు. ఖాతాలున్న చోట నోరు చూసుకుని విప్పాలి మరి.

గాలి తీయడానికి హ్యాండ్ పంపు కొట్టే మనిషి కావాలి. డ్రైవరు లేడు గనక బావమరిది చొక్కా చేతులు మడిచి వచ్చాడు. పని చేస్తూ పాఠం చెప్పడం ఆ మెకానిక్‌కు రోగం లాంటిది.

"ముందు ఫిల్టరు మీది స్క్రూ రెండు చుట్లు వదులు చెయ్యాలి. పంపు కొట్టు. చూశావా, నురగ వస్తోంది? ఆపకు. బుడగ లేని డీజిల్ ధార కట్టాక, అది కారుతుండగానే బిగించాలి. తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ. అదీ ఇంతే."

"ఆ చెమ్మ ఎందుకు పట్టింది?" అడిగాడు బావమరిది.

"బోల్టుకు అటొకటి ఇటొకటి రాగి వాషర్లుంటాయి. ఒకసారి బిగించాక నలిగిపోతాయి. విప్పినప్పుడల్లా కొత్తవి రెండు వెయ్యాలి. పాతవాటితోనే బిగిస్తే ఇదిగో, ఇలా చెమ్మ కక్కి సంగతి చెప్పేస్తాయి."

మర్నాడు బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఆ మర్నాడూ అంతే. డ్రైవరు పోయాడు, రోగం పోయింది, ఇంకా సాక్ష్యమెందుకని ఆసామి టీ కొట్టు దగ్గర పదిమందికీ చెప్పాడు. ఆ డ్రైవరుకు చుట్టుపక్కల ఎవరూ బండి ఇవ్వలేదు.

డీజిల్ మాత్రం నిలవలేదు. ఈసారి ఆసామి బంకు మీదికి పోయాడు. కొలత తక్కువ పోస్తున్నారని గొడవ చేస్తే, వాళ్లు ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర తెచ్చి ఎదురుగా పట్టి చూపించారు. గీత దాకా సరిగ్గా వచ్చింది. ఆయన నమ్మలేదు.

సంక్రాంతి ముందు ఒక సాయంత్రం బావమరిది ఒక్కడే తెనాలి షెడ్డుకు వచ్చాడు.

"ఆ రోజు వేశారే, ఆ సైజు రాగి వాషర్లు కావాలి."

"ఎన్ని?"

"రెండు డజన్లు ఇవ్వండి. మాటిమాటికీ తిరగలేను."

మెకానిక్ అతని మొహం వంక ఒకసారి చూశాడు. తర్వాత లెక్కపెట్టి పొట్లం కట్టాడు.

"డబ్బులు?"

"బావ ఖాతాలో రాయండి."

రాశాడు.