డాలస్ పార్టీ, మ్యూనిక్ పార్టీ

రామన్నపేటలో ఇప్పుడు రెండే పార్టీలు. జెండాల్లేవు, కండువాల్లేవు, సర్పంచి ఎన్నికలతో పనే లేదు. ఒకటి డాలస్ పార్టీ, రెండోది మ్యూనిక్ పార్టీ. కొడుకు అమెరికాలో, అల్లుడు జర్మనీలో ఉన్న ఏ ఇంటికైనా ఆదివారం పొద్దున పోయి కూర్చోండి, వీడియో కాల్‌లో ఈ రెండు పార్టీలూ కొట్లాడుకుంటుంటాయి. అమ్మకు ఏ డిష్‌వాషర్ కొనాలె, అమెరికాదా, యూరప్‌దా? నాయిన ఫోన్‌ను చెంబుకు ఆనించి జడ్జి లెక్క కూర్చుంటాడు. అమ్మ తెరమీద కనపడదు. జాలారి దగ్గర ఆమె బోల్లు తోముతున్న చప్పుడు మాత్రం వినపడుతుంది. “అమ్మా, జరసేపు ఆ చప్పుడు ఆపవే, డిష్‌వాషర్ సంగతి మాట్లాడుతున్నం” అని కొడుకే కసురుకుంటాడు.

డాలస్ పార్టీది ఒకటే మాట: గంటలో పని అయిపోవాలె. వేడినీళ్ళు సర్రున రావాలె, మెతుకుల్ని అడుగునున్న కత్తి నలిపి మోరీలోకి తోసెయ్యాలె, చివర్లో కాలిన కడ్డీ గిన్నెల్ని ఆరబెట్టాలె. మ్యూనిక్ పార్టీకి తొందరంటేనే అసహ్యం. 3 గంటలు తిరిగినా సరే, 10 లీటర్లు దాటొద్దు, 44 డెసిబెల్స్‌కు మించి చప్పుడు రావొద్దు. కత్తి ఎందుకు బావా, జాలీ ఉంది కదా, అప్పుడప్పుడు తీసి చేత్తో కడుక్కుంటే సరిపోతది అంటాడు అల్లుడు. అంటే బోల్లు కడిగే మిషన్ను కడగడానికి ఒక మనిషి కావాలె. ఆ మనిషి ఎవరన్నది మాత్రం రెండు పార్టీల మేనిఫెస్టోలోనూ లేదు. ఇంకో సంగతి, డాలస్ కొడుకు వంటింట్లో ఉన్నది కూడా జర్మన్ కంపెనీ మిషనే. బాష్ వాళ్ళు ఎప్పుడో నార్త్ కరోలినాలోని న్యూ బర్న్‌లో ఫ్యాక్టరీ పెట్టి అమెరికా వాళ్ళకు అక్కడే చేసి అమ్ముతున్నారు. ఈ రహస్యం బావకు తెలిస్తే చర్చ ముగిసిపోతుందని కొడుకు భయం.

నిజానికి ఈ రెండు మిషన్లూ పుట్టింది ఇంజనీర్ల బుర్రలోంచి కాదు, ఆయా ఇళ్ళ గోడల్లోంచి. అమెరికా ఇంట్లో ఒక మూల పెద్ద వేడినీళ్ళ ట్యాంకు ఉంటుంది. మిషన్‌కు అక్కణ్ణుంచే సుమారు 49 డిగ్రీల నీళ్ళు వస్తాయి. గోడలో కరెంటు 120 వోల్టులే, 15 ఆంపియర్ల తీగ మీద ఎంత గుంజినా 1,800 వాట్లు దాటదు. అందుకే నీళ్ళు కాచే పని ఇంటికి అప్పగించి మిషన్ కడగడం మీద పడింది. యూరప్‌లో మిషన్‌కు ఇచ్చేది చన్నీళ్ళ పైపు, గోడలో 230 వోల్టులు. నీళ్ళు అదే కాచుకుంటుంది, కొంచెం నీళ్ళనే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది, అందుకే ఆలస్యం. పైగా అక్కడ చాలాచోట్ల సున్నపు రాళ్ళ నేలలోంచి వచ్చే నీళ్ళు. గ్లాసుల మీద తెల్ల మచ్చలు పడకుండా మిషన్ కడుపులోనే ఒక ఉప్పు డబ్బా పెట్టారు. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదిలే రెజిన్ ఒకటి ఉంటుంది, దానికి మళ్ళీ బలం ఇవ్వడానికి ఆ ఉప్పు. అమెరికా మిషన్లలో ఎక్కువ వాటికి ఈ డబ్బా ఉండదు. ఎవరింటికి వాళ్ళు తగిన మిషన్ చేసుకున్నారు, అందులో తప్పేం లేదు. తప్పల్లా వాళ్ళ ఇంటిని అమ్మ వంటింట్లో వెతకడంలో ఉంది.

మా రామన్నపేట డాబా మీది నల్ల ట్యాంకు సంగతి చూడండి. మే నెలలో మిట్టమధ్యాహ్నం నల్లా తిప్పితే చెయ్యి కాలుతుంది, ఆ నీళ్ళు పక్కా అమెరికా. డిసెంబరు తెల్లారగట్ల అవే నీళ్ళు వేళ్ళు కొంకర్లు పోయేంత యూరప్. కాలాన్ని బట్టి పార్టీ మార్చే ట్యాంకు కింద ఏ మిషన్ పెడతారో పెట్టండి. ఒత్తిడి లెక్క ఇంకా అందంగా ఉంటుంది. యూరప్ మిషన్‌కు సాధారణంగా కనీసం అర బార్ కావాలె, అంటే నీళ్ళు 5 మీటర్ల ఎత్తు నుంచి దిగాలె. ఒక్క అంతస్తు డాబా మీది ట్యాంకు 4 మీటర్లిస్తే గొప్ప. అమెరికా మిషన్ కాగితాల్లో రాసే లెక్క ప్రకారం 14 మీటర్లు కావాలె. మా ఊళ్ళో అంత ఎత్తున నీళ్ళుండేది ఓవర్ హెడ్ ట్యాంకులోనే. కొడుకు ప్రేమకొద్దీ కంటైనర్‌లో అమెరికా మిషన్ పంపితే దాన్ని వంటింట్లో పెట్టి లాభం లేదు, ఆ ట్యాంకు కిందకే తీసుకపోయి, పక్కన 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి నిలబెట్టాలె.

ఇక ఆరబెట్టుడు. ఒకడు కడ్డీతో కాలుస్తానంటాడు, ఇంకొకడు ఆవిరిని చల్లబరిచి దించుతానంటాడు, మూడోవాడు జియోలైట్ అనే ఖనిజంతో తేమ పీలుస్తానని దానికి వేరే ధర చెబుతాడు. 44 డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో నులక మంచం మీద బోర్లించిన కంచాన్ని ఆరబెట్టడానికి జర్మన్ ఖనిజం! డెసిబెల్స్ గొప్ప కూడా అంతే. ఫంక్షన్ హాల్ డీజేకు కిటికీ అద్దాలు అదిరే వీధిలో 44కు, 50కి తేడా ఎవరి చెవికి తెలుస్తుంది?

మిషన్ కన్నా దాంతో వచ్చే పుస్తకం ఎక్కువ నవ్విస్తుంది. రెండు ఖండాలూ కొట్లాడుకోకుండా ఒప్పుకునేది ఆ ఒక్క పేజీ మీదే: వేయకూడని వస్తువులు. ఇత్తడి వద్దు, రాగి వద్దు, పోత ఇనుము వద్దు, చెక్క వద్దు, అల్యూమినియం వద్దు. అమ్మ వంటింట్లో ఇత్తడి బిందె, రాగి చెంబు, దోసెల పెనం, పప్పుగుత్తి, సిల్వర్ బగోన అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. సిల్వర్ బగోన క్షారం ఉన్న ఆ సబ్బుకు నల్లబడుతుంది. పప్పు పోసిపెట్టిన ప్లాస్టిక్ డబ్బా మీద పసుపు మరక ఎర్రబారుతుంది. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో పారాణి కలిపిన ఏ ఆడమనిషికైనా తెలుసు, కంపెనీవాళ్ళే ప్రయోగశాల పెట్టి కనుక్కోవాలె. నిషేధాలన్నీ పోగా మిగిలేది నాలుగు స్టీలు కంచాలు, గ్లాసులు. వాటిని కడగడానికి ఇత్తడి బిందె కన్నా ఖరీదైన పెట్టె.

కెపాసిటీ లెక్క వినండి. 12 మంది సెట్టు, 14 మంది సెట్టు అంటారు. ఒక్కొక్కరికి సూపు పళ్ళెం, మిఠాయి పళ్ళెం, కప్పు, సాసరు, కత్తి, ముళ్ళ చెంచా, మామూలు చెంచా. అమెరికావాళ్ళు చెంచాలకు బుట్ట పెట్టారు, యూరప్‌వాళ్ళు పైన మూడో అర పెట్టారు, ఏది మేలని బావ, బామ్మర్ది అరగంట కొట్లాడారు. ఇద్దరూ చేత్తోనే తింటారు.

తపాల చెక్క దగ్గరకు వస్తే రెండు పార్టీలకూ నోరు పడిపోతుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కలిపి, నూనె రాసిన తపాల లోపలివైపు అద్ది, వేలితో బొక్కలు పెట్టి, బొక్కకో నూనె చుక్క వేసి, మూతపెట్టి సన్నమంట మీద కాలుస్తారు. చెక్క ఊడివచ్చాక తపాల అడుగున గోధుమరంగు వలయం ఒకటి మిగులుతుంది, మాడిన నూనె పొర. మిషన్ సబ్బులో ఉండే ఎంజైములు పిండిని కోస్తాయి, గుడ్డు సొనను కోస్తాయి, మాడి బిగిసిన నూనె జోలికి రావు. దానికి రాత్రంతా నానబెట్టుడు, సబీనా పొడి, పీసు, బొటనవేలి గోరు కావాలె. అసలు తపాలను మిషన్‌లో బోర్లిస్తే కింది అర మొత్తం అదే ఆక్రమిస్తుంది, కింది నుంచి చిమ్మే నీళ్ళను పైకి పోనివ్వదు. మన దేశంలో అమ్మే బాష్ మిషన్లలో కడాయి పేరుతో 70 డిగ్రీల ప్రోగ్రాం ఒకటి ఉంది. జర్మన్లు కడాయి దాకా వచ్చారు, నల్గొండ తపాల దాకా ఇంకా రాలేదు.

డాలస్‌లో ఆ మిషన్ ఎట్లా వాడుతున్నారో అడిగితే కొడుకు మాట మారుస్తాడు. అమెరికాలోని మనవాళ్ళ ఇళ్ళలో అది చాలామందికి తలుపున్న గిన్నెల స్టాండు. సింకులో చేత్తో కడిగి, అందులో బోర్లించి, తలుపు మూస్తారు. తిప్పేవాళ్ళు కూడా ముందు శుభ్రంగా కడిగి మరీ పెడతారు. నీళ్ళ మురికి చూసి ఎంతసేపు తిరగాలో తేల్చుకునే సెన్సర్ కొత్త మిషన్లలో ఉంటుంది, తోమిన గిన్నెల్ని చూసి తనకు పనేమీ లేదనుకుని అది తొందరగా ముగించేస్తుంది. అత్తగారు ఆరు నెలల వీసా మీద వచ్చిందా, ఆ ఆరు నెలలూ సెన్సర్‌కు పూర్తి విశ్రాంతి.

ఈ యంత్రం పుట్టుకలోనే తిరకాసు ఉంది. ఇల్లినాయ్‌లోని షెల్బీవిల్‌లో జోసెఫిన్ కాక్రన్ అనే కలిగినింటి ఆమె 1886 డిసెంబరు 28న దీనికి పేటెంటు తీసుకుంది. తోమి తోమి ఆమె చేతులు నొచ్చి కాదు, పనివాళ్ళు తోముతుంటే తాతలనాటి పింగాణీ పెచ్చులూడుతోందని. 1893 షికాగో ప్రదర్శనలో మిషన్ అందర్నీ ఆకట్టుకుంది. హోటళ్ళు కొన్నాయి, ఇళ్ళు కొనలేదు, అన్ని వేడినీళ్ళు అప్పటి ఇళ్ళలో లేవు. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు 2020 లాక్‌డౌన్‌లో పనామె రావడం ఆగినాకే డిష్‌వాషర్ గుర్తొచ్చింది. పింగాణీకి నొప్పి తగిలినప్పుడు ఒకసారి, పనామె రానప్పుడు ఇంకోసారి టెక్నాలజీ మేల్కొంది. తోమే చేతికి నొప్పి తగిలిన రోజుల్లో అది హాయిగా నిద్రపోయింది.

అమెరికాలో బోల్లు తోముడు ఏకంగా రాజకీయం. 2019 డిసెంబరు 18న వాషింగ్టన్‌లో తన మీద అభిశంసన ఓటింగు నడుస్తుంటే, మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ సభలో ట్రంప్ డిష్‌వాషర్ల గురించి ఉపన్యసించాడు. 2013 నుంచి మామూలు మిషన్ ఒక విడతకు 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు దాటొద్దని అక్కడి రూలు, ఆయన బాధ అదీ. 2020లో గంట లోపు కడిగే మిషన్లకని వేరే వర్గమే సృష్టించారు, బైడెన్ వచ్చి తీసేస్తే 2024లో అప్పీలు కోర్టు తప్పుపట్టింది. మా దిక్కు అంత దూరం పోలేదు, ఇంకా నల్లా దగ్గరే ఉన్నాం. 2015 జూన్ 8న పక్కనే చౌటుప్పల్‌లో మంచినీళ్ళ పథకం పైలాన్ ఆవిష్కరించిన కేసీఆర్, ఇంటింటికీ నల్లా ఇవ్వకపోతే ఓట్లడగనన్నాడు. వాళ్ళ ఎన్నికలు నీళ్ళు ఎంత వేగంగా తిరగాలనే దాని మీద, మావి నీళ్ళు రావాలనే దాని మీద.

నీళ్ళంటే గుర్తొచ్చింది. మ్యూనిక్ పార్టీ ఆఖరి అస్త్రం ఉప్పు డబ్బా. “మీ దగ్గర హార్డ్ వాటర్ కదా మామయ్యా” అంటాడు అల్లుడు. నిజమే, మన ప్రమాణాల ప్రకారం వేరే దిక్కులేనప్పుడు లీటరుకు 600 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా ఓర్చుకోవచ్చు. 2016లో రామన్నపేట నల్గొండ జిల్లాలోంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయింది గానీ బోరు నీళ్ళు జిల్లా మారలేదు. ఆ రెజిన్ కాల్షియాన్ని పడుతుంది, మా బోరు నీళ్ళలో ఉండి ఎముకలు వంచే ఫ్లోరైడ్‌ను ముట్టదు. గాజు గ్లాసు మీద మచ్చ పడకుండా కాపాడే సాంకేతికత ఉంది, భేష్. ఎముకల మీద మచ్చకు పటిక, సున్నం, బ్లీచింగు కలిపే పద్ధతి దొరికింది, దానికి ప్రపంచమంతా మా నల్గొండ పేరే పెట్టారు, సన్మానం అనుకోవాలె. నడుం వంగి మోకాళ్ళు బిగిసిన ఆడవాళ్ళు ఈ జిల్లాలో దశాబ్దాలుగా జాలారి దగ్గర గొంతుక్కూర్చునే బోల్లు తోమారు. రాక్ ఎత్తు ఎంతుండాలన్న చర్చ వాళ్ళ కోసం ఏ ఆదివారమూ జరగలేదు. నిలబడి తోముకునే గట్టు, దానికో నల్లా కట్టించడానికి డాలస్ కావాలా, మ్యూనిక్ కావాలా? ఒక మేస్త్రి, రెండు రోజుల పని. కానీ గట్టుకు ఫీచర్లుండవు, వాట్సాప్‌లో ఫొటో పెడితే ఎవరూ మెచ్చుకోరు.

2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తారని తేలింది. ఈ 97 చూసి మురిసిపోకండి, అది అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళ లెక్క, అట్లాంటివాళ్ళు నూటికి 26 మందే. మిగతావాళ్ళంతా ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో ఉంటారు.

మురుగు సంగతి రెండు పార్టీలూ ఎత్తలేదు. చెరువులు పాడవుతున్నాయని అమెరికాలో పలు రాష్ట్రాలు 2010లో, యూరప్ 2017లో డిష్‌వాషర్ సబ్బుల్లో ఫాస్ఫేట్లకు కళ్ళెం వేశాయి. హైదరాబాద్ కడిగిన బోల్ల నురుగు మాత్రం మూసీలో తేలుకుంటూ మా జిల్లాకే వస్తుంది. మీరు ఏ మిషన్ కొన్నా ఆఖరి రిన్స్ మా పొలాల్లోనే.

అయినా మిషన్లకు మేం శత్రువులం కాము, రామన్నపేట మోడల్ చేస్తే క్యూ కట్టి కొంటాం. డాబా మీది ట్యాంకు ఇచ్చినంత ఒత్తిడితోనే నడవాలె, కరెంటు పోయి వస్తే ఆగినచోటి నుంచి అందుకోవాలె, ఇత్తడి బిందెను చూసి మొహం తిప్పుకోవద్దు, తపాల అడుగు చూసి పారిపోవద్దు. లోపల ఎన్ని అరలున్నా మాకు అభ్యంతరం లేదు. బటన్ ఒక్కటి మాత్రం ఇంటాయన వేలిముద్ర పడితేనే పనిచేయాలె, తిన్న కంచం ఆయనే తెచ్చి పెడితేనే తలుపు పడాలె. ఈ ఫీచర్ వేసి ధర ఎంత చెప్పినా ఇస్తాం, కొటేషన్ అమ్మ పేరు మీద పంపండి.