పది సెకన్ల దాకా బతికున్నట్టే

ఈ-వన్ అనే టెలికాం లైనులో సెకనుకు 20,48,000 బిట్లు పరుగెడతాయి. అన్నింటిలో ఒకటో రెండో తడబడితే ఊరుకోవాలా, బజర్ మోగించాలా? ఆ హద్దు పెట్టే పని ఒకప్పుడు నాకు పడింది.

"ఒక్క తప్పు కూడా వదలొద్దయ్యా" అన్నారు పై అధికారి. పావుగంటలో ఒక్క సెకను చెడినా మోగేలా పెట్టాం. జనరేటరు మారినా మోత, ఎవరో కేబులు కదిపినా మోత. రాత్రి డ్యూటీవాళ్లు చివరికి బజర్ నోట్లో దూది కుక్కారు. హద్దు బాగా పెంచాం. ఈసారి లైను పడిపోయిన సంగతి ఖాతాదారు తన సెల్‌ఫోన్ నుంచి మాకు చెప్పాడు, గొంతు చించుకుని.

అప్పుడు జి.826 అనే అంతర్జాతీయ ప్రమాణం తీశాం. సెకనులో ఒక్క బ్లాకు, అంటే వరస బిట్ల గుంపు, చెడినా అది తప్పు పడ్డ సెకను. 30 శాతం బ్లాకులు చెడితే ఘోరమైన సెకను. ఘోరమైనవి వరసగా 10 వస్తే గానీ లైను పోయినట్టు కాదు. వచ్చాక మాత్రం ఆ పదింటినీ పోయిన ఖాతాలోనే రాస్తారు, డీఏ జీవోలా వెనకటి తేదీ నుంచి. లేచిందని ఒప్పుకోవాలన్నా, ఘోరం కాని సెకన్లు వరసగా పది రావాలి.

కిటుకు మా టెక్నీషియను పట్టాడు. "సార్, తొమ్మిది సెకన్లు చచ్చి, ఒక్కటి లేచి, మళ్లీ తొమ్మిది చచ్చిందనుకోండి?" లెక్కేశాం. పావుగంటకు 900 సెకన్లు, అందులో 810 దండగ. లైను పోయిన సమయం మాత్రం సున్నా! నెల నివేదికలో నూటికి నూరు. అలాంటి లైనుకు ప్రమోషన్ ఇవ్వొచ్చు.

పైగా నంగనాచి లైన్లు కొన్ని ఉంటాయి. హద్దు 20 అయితే పావుగంటకు పదిహేనే తప్పు సెకన్లు. బజర్ కిక్కురుమనదు, రోజు తిరిగేసరికి 1,440. అందుకే 24 గంటలకు వేరే హద్దు పెట్టాలి.

అది సరే, పావుగంట అంకె ఎంత? ప్రమాణంలో నేరుగా దొరికేది కాదది. టెక్నీషియను జీపు డ్రైవరును పిలిచాడు. "ఎన్ని సెకన్లు చెడితే అర్ధరాత్రి బండి తీస్తావన్నా?" డ్రైవరు బీడీ ఆర్పి ఆలోచించాడు. "ఇరవై దాకా పడుకుంటా. ఆ పైన మీ ఇష్టం."

ఇరవై పెట్టాం. అది ఎలా వచ్చిందో రాయమని ఫైలు తిరిగొచ్చింది. "క్షేత్రస్థాయి సిబ్బందితో సంప్రదించిన మీదట" అని రాసి సంతకం పెట్టాను.