మూడ్‌కు తగ్గ ప్లేలిస్టు: ఆరు అమూల్య చిట్కాలు

పాటలో సంతోషముందా, దిగులుందా అన్నది వినేవాడికన్నా ఫోనుకే బాగా తెలుసు. ఈ ఒక్క మాట నమ్మగలిగిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు కింది చిట్కాలు చాలు.

1. అంకెనే నమ్మండి. స్పాటిఫై లెక్కల్లో ‘వేలెన్స్’ అని ఒకటుంది. సున్నా దగ్గరుంటే పాట దిగులుది, ఒకటి దగ్గరుంటే కులాసాది. వేగం కొలిచే యంత్రం ఒక్కోసారి నిమిషానికి 70 దెబ్బల పాటను 140గా లెక్కగడుతుంది. ఫర్వాలేదు, జోలపాటకే జాగింగ్ చేయండి.

2. పలకల దరువును ‘పార్టీ’లో వేయండి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు మోగే పలకలే చావు ఊరేగింపు ముందూ మోగుతాయి. యంత్రానికి రెండూ హుషారే. పాడె వెనక ఎవరైనా కళ్లు తుడుచుకుంటుంటే, ‘నీ మూడ్ తప్పు’ అని చెప్పండి. పెద్దాయనైతే ‘అన్నా’ చేర్చండి.

3. రాగానికొక గది కేటాయించండి. భూపాలం తెల్లవారుజాముకు, నీలాంబరి నిద్రకు, ముఖారి ఏడుపుకు. శబరి భాగ్యాన్ని త్యాగయ్య పొంగిపోతూ పొగిడింది ముఖారిలోనే కదా అని ఎవరైనా అడ్డం వస్తే, ఆయన దగ్గర ఆప్ లేదు, తెలియక చేశాడనండి.

4. పేరు చూసి సర్దండి. 1911లో కలకత్తా కాంగ్రెస్ సభలో మొదట వినిపించిన జనగణమనను రవీంద్రుడు 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో పాడాడు. అక్కడే ఇంగ్లీషులోకి మార్చి, భారతదేశపు ప్రభాత గీతమన్నాడు. మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టింది. 1950లో అది జాతీయగీతమైంది. అయితేనేం, పేరులో ప్రభాతముంది కాబట్టి ‘గుడ్ మార్నింగ్’ ప్లేలిస్టులో పెట్టుకోండి. దుప్పటి విసిరేసి నిటారుగా నిలబడటం రోజూ జరిగితే అలారంతో పనుండదు.

5. మార్కెట్‌ను పాటకు అంటనీయకండి. మదనపల్లె యార్డులో టమోటాకు మంచి ధర పలికిన రోజు తిరుగు దారిలో ట్రాక్టరులో పెట్టుకున్న పాటే, ధర పడిపోయిన రోజూ పెట్టండి. ‘హ్యాపీ’ అని రాసుంది కాబట్టి పని చేసి తీరాలి. చేయకపోతే పాటకు డిస్‌లైక్ కొట్టండి. ధరకు ఆ బటన్ లేదు.

6. ఇంటిల్లిపాదికీ ఒకే ఖాతా చాలు. కుప్పంలో మూడు భాషలు ఒకే వసారాలో కూర్చుంటాయి. అవ్వకు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం, నాయనకు కన్నడ రాజ్‌కుమార్, పిల్లోడికి మద్రాసు గానా. అన్నీ ఒక ఫోనులోనే మోగించండి. ఆప్ అందరినీ కలిపి ఒక మనిషిగా లెక్కగట్టి, ఆ మనిషికి నచ్చే పాటలు వరసగా పంపుతుంది. ఆ మనిషి మీ ఇంట్లో ఎవరూ కాకపోతే కంగారు పడొద్దు. రాత్రికి ఆయనకూ ఒక కంచం పెట్టండి.